తెర మీదికెక్కని గులాబీ

దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుల ఇరవై ఏండ్ల సంది రంగులు కలిపేటోడు మట్టయ్య. ఆయన లెక్కల మనుషులు రెండే తీర్లు: రంగు కనబడేటోళ్ళు, కనబడనోళ్ళు. మొదటి తీరుల ఆయన ఒక్కడే. "లైట్ పింక్ వెయ్యన్నా" అని గిరాకీ అంటే కింది నుంచి పైదాక చూసి, "పెండ్లి పింకా, ఎలక్షన్ పింకా?" అనేటోడు. మూడేండ్ల కింద పనిల చేరి కంప్యూటర్ ముందట కూసునే సాయినాథ్‌నైతే పేరు పెట్టి గూడ పిల్వకపోయేది.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. టీచర్ల సమ్మె కమిటీల తిరిగే శైలేందర్ సారు సైదాబాద్ నుంచి వచ్చి, ఎల్బీ నగర్ చౌరస్తా సభకు గులాబీ పోస్టర్ కొట్టిచ్చుకున్నడు. రంగు చూసి మురిసిండు. గదే పోస్టర్ కమిటీ వెబ్‌సైట్‌ల పెట్టాలె, రంగు మారొద్దు అన్నడు.

యజమాని సాంబమూర్తిది గుంటూరు దిక్కు. "మా సాయినాథ్ చూసుకుంటాడండీ," అని మట్టయ్య వైపు తిరిగిండు. "కుర్రాడు ఇది చేసి చూపిస్తే ఇక రంగుల పనంతా అతనికే. నువ్వు కటింగ్ మిషన్ చూసుకుందువు గానీ."

రంగుల మనిషిని కాగితాలు కొయ్యమనుడు.

సాయినాథ్ పోస్టర్‌ల నాలుగు ఇంకుల శాతాలు చూసి, సూత్రంల పెట్టి, తెరకు కావల్సిన ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు తీసిండు. గులాబీ భగ్గుమన్నది.

"గిదేంది, గాజుల దుకాణం లైటు తీర్గున్నది," అన్నడు శైలేందర్.

"లెక్క కరెక్టే సార్."

"ఇంకు వెలుగును తాగుతది, నీ తెర వెలుగును కక్కుతది," మట్టయ్య నవ్విండు. "రెంటికి ఒక్కటే లెక్కనా? ఏం చదివినవ్ బిడ్డా?"

పోస్టర్ తెర పక్కన పట్టుకొని, "వెలుగు జర దించు... చాలు. నీలం చిటికెడు ఎక్కియ్," అనుకుంట అరగంట సతాయించిండు. అచ్చం కుదిరింది, వెబ్‌సైట్‌కు ఎక్కిచ్చిండ్రు.

పొద్దుగూకే యాళ్ళకు శైలేందర్ ఫోన్ చేసిండు. "మట్టయ్యా, మా ఇంట్ల కంప్యూటర్ల గిది గులాబీ గాదు, వంకాయ."

మట్టయ్య నమ్మలె. పక్క గల్లీల నెట్ సెంటర్‌కు పోయి మూడు మిషన్ల మీద చూసిండు. మూడింటి మీద మూడు తీర్ల వంకాయలు. అప్పుడు తెల్సింది. ప్రెస్సుల తెర ముసలిదైంది, అన్నిటినీ పసుపెక్కిచ్చి చూపెడ్తది. గా పసుపుకు సరిపోను తను నీలం ఎక్కిచ్చిండు, మంచి తెరల మీద రంగు వంకాయైంది. కాగితం ఎవరి చేతుల ఉన్నా ఒక్కటే. తెర కూడా గట్లనే అనుకొని మోసపోయిండు.

తెల్లారి సాయినాథ్ కుర్చీ పక్కన నిలబడ్డడు. "గా ముసలి తెరను నమ్మకుంట రంగు మార్చే తొవ్వ ఉన్నదా?"

"సాఫ్ట్‌వేరే మారుస్తదన్నా. కానీ ఏ తీరు కాగితం మీద అచ్చయిందో అడుగుతది. గా గడి నేనెన్నడు నింపలె."

"ఎందుకు?"

"ఏ కాగితమో నాకేం తెల్సు?"

"పక్క గదిలనే అచ్చయితది. లేచొచ్చి ముట్టుకుంటే తెలుస్తుండె." మట్టయ్య పండ్లు కొరికిండు. "మెరుపు లేని కాగితం, ఇంకు పీల్చేది. గదే పెట్టు."

ఈసారి నెట్ సెంటర్‌ల మూడు మిషన్ల మీద కొంచెం ఇటు అటుగా గులాబీనే కనబడ్డది. శైలేందర్ గూడ ఫోన్‌ల సరే అన్నడు.

"ఇంతకీ చేసిందెవరయ్యా?" అన్నడు సాంబమూర్తి.

మట్టయ్య కటింగ్ మిషన్ దిక్కు ఒకపారి చూసిండు. అబద్ధమాడుడు చేతగాలె. "సాయినాథే."

"అన్న కాగితం చెప్పకుంటే నాతోని కాకపోతుండె సార్," అన్నడు సాయినాథ్. "రంగుల పని అన్నకే ఉండనియ్యుండ్రి."

సాంబమూర్తి ఇద్దర్నీ చూసి, "సరే, అలాగే కానివ్వండి," అని లోపలికి పోయిండు.

"తెల్వదని ఒప్పుకునేటందుకు మూడేండ్లు పట్టింది నీకు," అన్నడు మట్టయ్య. "లే సాయినాథ్, పా కాగితాల గదికి. ముందుగాల ముట్టుకునుడు నేర్చుకో."