మింగేసిన మాట

రెండు నాలుకలాయన అంటే ఆ చుట్టుపక్కల తెలియనివారు లేరు. మొదట్లో అది మెచ్చుకోలుగా పెట్టిన పేరే. తమ భాష, విదేశీ నిపుణుల భాష రెండూ గడగడా మాట్లాడగల మనిషి ఆ ప్రాంతం మొత్తానికీ ఆయనొక్కడే. వ్యవసాయ సహాయం పేరిట సముద్రాలు దాటి ఎవరొచ్చినా, జీపు ముందు సీట్లో ఆయన ఉండాల్సిందే.

ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. నిపుణుడు కటువుగా ఒక మాటంటే దానికి కాస్త తీపి పూసి రైతులకు అందించేవాడు. రైతు విసుక్కుంటే ఆ విసుగును సందేహంగా మార్చి అటు అప్పజెప్పేవాడు. "ఇద్దరూ నవ్వుతూ లేస్తే నా పని అయినట్టే" అని గొప్పలు పోయేవాడు. నవ్వుతూ లేచినవాళ్ళు ఆ తర్వాత ఏడుస్తూ కూర్చోవచ్చని ఆయనకు తట్టలేదు. తట్టినా పట్టించుకోలేదేమో, ఆ సంగతి ఆయనకే తెలియాలి.

ఒక ఏడు కొత్త జొన్న విత్తనం వచ్చింది. బడిలో బల్లలన్నీ గోడకు నెట్టి సమావేశం పెట్టారు. చెమటతో తడిసి ముద్దయిన నిపుణుడు తన భాషలో మూడే మూడు మాటలు చెప్పాడు. ఈ ఏడు విత్తనం ఉచితం. పండిన గింజ దాచి మళ్ళీ చల్లితే సగం పంట కూడా రాదు కాబట్టి వచ్చే ఏటి నుంచి ప్రతి ఏడూ విత్తనం కొనాలి. కొనలేని రోజు రావచ్చు, మీ పాత విత్తనాన్ని మాత్రం వదులుకోకండి.

పాపం, మంచివాడే.

మనవాడు గదంతా ఒకసారి కలియజూశాడు. పట్టికలో అరవై కుటుంబాల పేర్లు ఎక్కితేనే ఈ పథకం నిలుస్తుంది. పథకం నిలిస్తేనే ఆయన తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది. కొనాలి అన్నాడో, సగం మంది అక్కడికక్కడే తువ్వాలు దులుపుకుని లేచిపోతారు. అందుకని గొంతు సవరించుకుని, "ఈ ఏడు ఊరికే ఇస్తారు. ఆ తర్వాత కూడా ప్రతి ఏడూ వీళ్ళ దగ్గరే తీసుకోవాలి" అన్నాడు. పాత విత్తనం మాట గుటుక్కున మింగేశాడు.

తీసుకోవడం ఎంత గడుసు మాటో చూడండి. కొట్లో డబ్బిచ్చి బట్టలు కొన్నా తీసుకున్నామంటాం, పొరుగింటావిడ గుప్పెడు ఉప్పు పెట్టినా తీసుకున్నామంటాం. ఆకలి మీదున్నవాళ్ళకు ఆ రెండో అర్థమే వినపడింది. అలా వినపడుతుందని తెలిసే ఆ మాట వాడాడు.

ముందు వరసలో ఆయన సొంత అక్క కూర్చుని ఉంది. "ప్రతి ఏడూనా?" అని అడిగింది.

"ప్రతి ఏడూనే అక్కా."

అక్క వంటగది మూల ఒక మట్టి గోలెం ఉండేది. అందులో పాత జొన్న విత్తనం, బూడిద కలిపి, మూతికి మట్టి మెత్తి దాచి ఉంచేవారు. వానలు మొహం చాటేసిన ఏడు కూడా ఎంతో కొంత పండే గింజ అది. ఎంత ఆకలైనా దాని జోలికి వెళ్ళకూడదని బావ కట్టడి. పంట ఇంకా చేతికి రాలేదు, ఇంట్లో పిండి నిండుకుంది, పిల్లలు ముగ్గురూ డొక్కలు పట్టుకు కూర్చున్నారు. అక్క ఆ మట్టి పగలగొట్టింది.

బావ వద్దన్నాడు. "వాడి మాట పట్టుకుని మూలధనం తినేస్తావా?"

"నా తమ్ముడు నాకు అబద్ధం చెప్తాడా?" అంటూ జొన్నలు కడిగి పొయ్యి మీద పెట్టింది. ఆమెను చూసి వీధి వీధంతా గోలేలు ఖాళీ చేసింది.

మొదటి ఏడు పంట విరగపండింది. రెండో ఏడు పథకం ఆఫీసు కిటికీ దగ్గర విత్తనానికి ధర చెప్పారు. కొనలేనివాళ్ళు పండిన గింజే చల్లుకున్నారు. ఆ ఏడే వానలూ మొండిచెయ్యి చూపించాయి. కంకులన్నీ తాలు. పాత విత్తనం కోసం నాలుగూళ్ళు తిరిగినా దోసెడు దొరకలేదు. బావ ఎద్దుల్ని అమ్మేసి ఇటుకలు మొయ్యడానికి వెళ్ళాడు.

ఊరివాళ్ళంతా ఆఫీసు గుమ్మం మీదికి వచ్చారు. మనవాడు తొణక్కుండా, "తీసుకోవాలన్నాను గానీ ప్రతి ఏడూ ఊరికే ఇస్తారన్నానా? బట్టలు తీసుకున్నామంటే కొట్టువాడు దానం చేసినట్టా?" అన్నాడు. మాట తొణకలేదు గానీ మొహం పాలిపోయింది. అది అక్క చూసింది. జనంలోంచి ముందుకొచ్చి, మొగుడి ఎదుటే, "వాడు సరిగ్గానే చెప్పాడు. నేనే తప్పుగా విన్నాను" అంది.

అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆయన నోరు కూడా మూతపడే ఉంది. తెరవాల్సింది అప్పుడే.

ఉద్యోగం ఖాయమైంది. అక్క ఇంట్లో మాత్రం పందొమ్మిదేళ్ళ పాటు ప్రతి భోజనం దగ్గరా బావ ఒకటే మాట. "మా ఇల్లాలు విత్తనం వండి పెట్టిన మహాతల్లి." అరిచేవాడు కాదు, ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అనేవాడు. అక్క వడ్డిస్తూనే ఉండేది. పండక్కో పబ్బానికో భోజనానికొచ్చి పక్కనే కూర్చున్న తమ్ముడు కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు. సిగ్గుచేటు, ఆ అన్నం ఎలా దిగేదో!

బావ మంచాన పడ్డాక తమ్ముడు రోజూ వెళ్ళి కూర్చున్నాడు. నిజం చెబుదామనుకునే వెళ్ళేవాడు. మందుల గురించీ వాతావరణం గురించీ మాట్లాడి వచ్చేసేవాడు. బావ పోయిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం, అక్క చేటలో రాళ్ళు ఏరుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఆ రోజు బడిలో ఆ నిపుణుడు కొనాలనే అన్నాడు. పాత విత్తనం ఉంచుకోమని కూడా అన్నాడు. నేనే మీకు చెప్పలేదు. మీరు ఊరికేననుకోవాలనే తీసుకోవాలన్నాను."

అక్క చెయ్యి చేటలో ఆగిపోయింది. తిడుతుందని ఎదురుచూశాడు. తిట్టినా బాగుండుననుకున్నాడు.

"అయితే నేను సరిగ్గానే విన్నానన్నమాట" అంది.

"సరిగ్గానే విన్నావు."

ఆమె చేట కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మీ బావ ఉండగా చెప్పాల్సిందిరా."