మొదటి పుట్టినరోజుల బ్యాండు

మా పక్కింటి అంకుల్ మంగళవారం పొద్దున పోయారు. ఆ కబురు చెప్పడానికి ఆయన భార్య, మా ఆంటీ, చెప్పులు గుమ్మం బయట విడిచి వంటింట్లోకి వచ్చారు. "నిద్రలోనే వెళ్ళిపోయాడు. శనివారం పక్కూరు డబ్లిన్‌లో బర్త్‌డే పార్టీకి వాయిస్తామని మాటిచ్చాడు కాబట్టి అది చేస్తాం. బ్యాండుకి అదే ఆఖరిది," అన్నారు. నేను భోరుమన్నాను. ఆవిడ నా వీపు నిమిరారు. ఓదార్చాల్సింది నేనైతే, ఓదార్పు నాకే దక్కింది.

అంకుల్ హవాయి దీవుల మనిషి. రెగే అనే దీవుల ఊపు పాటలు వాయించే బ్యాండుకి పెద్ద ఆయనే, బేస్ గిటార్ కూడా ఆయనదే. డ్రమ్స్ ఆంటీవి. యుకులేలే అనే నాలుగు తీగల బుల్లి గిటార్ ఆయన తమ్ముడిది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మేం ఇంట్లో దిగిన మొదటి వారమే వాళ్ళ గరాజ్‌లో రిహార్సల్ మొదలై, మా వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. కంప్లైంట్ చేసొస్తానని వెళ్ళిన మా ఆయన ప్లేటు నిండా కాల్చిన చికెన్‌తో తిరిగొచ్చాడు.

"అంకుల్ చాలా మంచోడే," అన్నాడు నములుతూ.

"అప్పుడే అంకుల్ కూడా అయిపోయాడా?" అన్నాను.

అయిపోయారు. వాళ్ళ దీవుల్లోనూ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అంకుళ్ళూ ఆంటీలేనట. "ఈ వీధిలో చిన్నపిల్లలు కూడా నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. మీరొచ్చాక కాస్త మర్యాద దొరికింది," అని పకపకా నవ్వేవారు.

ఆ బ్యాండు చరిత్ర ఆయన నోటే వినాలి. కుర్రతనంలో బీచ్ పార్కుల్లో మొదలుపెట్టారు. హోటళ్ళ ఈతకొలనుల పక్కన వాయించారు. కాలిఫోర్నియా వచ్చాక వారమంతా ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు ఎక్కించి, వీకెండ్ పాటలు పాడారు. ఒక సీడీ కూడా వేశారు. ఒకసారి పెద్ద మైదానంలో, బాగా పేరున్న బ్యాండుకి ముందు వాయించే ఛాన్స్ వచ్చింది. తీరా వీళ్ళు స్టేజ్ ఎక్కేసరికి జనమంతా ఇంకా పార్కింగ్ వెతుక్కుంటున్నారట. "కుర్చీలు మాత్రం చాలా శ్రద్ధగా విన్నాయి," అనేవారు. పేరు రాలేదన్న బాధ ఆయనలో ఏ మూలైనా ఉందేమోనని చాలాకాలం వెతికాను. నాకైతే దొరకలేదు.

పేరు రాకపోయినా పని మాత్రం మా తెలుగువాళ్ళ వల్ల వచ్చింది. దీవుల్లో పిల్లలకి ఏడాది నిండితే పెళ్ళంత హడావిడి చేస్తారట. ఆ మాట మనకి ఒకరు చెప్పాలా! మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి డీజేని బుక్ చేశామని తెలిసి, "గోడ పక్కనే బ్యాండు పెట్టుకుని డీజే ఏంటి?" అని అంకుల్ కసురుకున్నారు. పువ్వుల చొక్కాలు వేసుకుని అందరూ దిగిపోయారు.

వాళ్ళు వాయించే రెగేలో ప్రతి వరసలోనూ మొదటి దెబ్బని ఖాళీగా వదిలేస్తారు. పాటలో ఊపంతా ఆ ఖాళీలోంచే పుడుతుంది. మనవాళ్ళా, ఉగ్గుపాలతో భజనలు నేర్చినవాళ్ళు. పాట ఎత్తుకోగానే హాలంతా ఒక్కటై, సరిగ్గా ఆ ఖాళీలోనే చప్పట్లు దంచింది. ఆంటీ చేతిలో కర్రలు తడబడ్డాయి. తమ్ముడు వాయించడం ఆపేసి నోరు తెరిచాడు. అంకుల్ ఒక్క క్షణం విని, తన బేస్‌ని మెల్లగా జరిపి మా చప్పట్ల మీదికి తెచ్చారు. పాట నిలదొక్కుకుంది. మా బాబాయ్ అయితే, "ఈయనెవరో మనూరి కోలాటం మాస్టార్లా ఉన్నాడే!" అని మురిసిపోయాడు.

తర్వాత నేను సారీ చెప్పబోతే అంకుల్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "వాళ్ళు సంతోషంగా కొట్టారు. సంతోషాన్ని సరిదిద్దకూడదమ్మా. దాని పక్కన మనమే చోటు చూసుకోవాలి."

ఆ తర్వాత మా వాట్సాప్ గ్రూపుల పుణ్యమా అని ఈ చుట్టుపక్కల తెలుగు పిల్లలెవరికి ఏడాది నిండినా ఆ బ్యాండే. అంకుల్‌కి గోంగూర పచ్చడి పిచ్చి కూడా అప్పుడే పట్టుకుంది. వాయించే ముందు బ్యాండు భోంచేయాలన్నది ఆయన పెట్టిన రూలు. "ఆకలితో ఉన్నవాడు పాటని పరిగెత్తిస్తాడు," అనేవారు.

గుండె నీరసించాక ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, "బేస్ ఎవడైనా వాయిస్తాడు. నా దిగులల్లా ఆవిడ గురించే. నేను పోతే డ్రమ్స్ మీద దుప్పటి కప్పేస్తుంది. ఇక దాని కింద ఆవిడా ఉండిపోతుంది," అన్నారు.

శనివారం పార్టీకి మేమూ వెళ్ళాం. బేస్ గిటార్ అంకుల్ తమ్ముడు తగిలించుకున్నాడు. ఆంటీ తలెత్తకుండా వాయించారు. పిల్లలు గెంతారు, పట్టుచీరల్లో ఆడవాళ్ళు గెంతారు. అంతా అయ్యాక డ్రమ్స్ సర్దుతుంటే, పుట్టినరోజు బాబు నాయనమ్మ కుంకుమ భరిణె, తాంబూలం పళ్ళెం పట్టుకుని వచ్చారు. మనవడి కోసం గుంటూరు నుంచి వచ్చినావిడ. కోడలు కంగారుగా చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, వాళ్ళాయన పోయి వారం కూడా కాలేదు. ఆవిడకి బొట్టు..."

"తెలుసులేమ్మా. మీ మావయ్యగారు పోయాక పేరంటాల్లో అందరూ నన్ను దాటుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఎలా ఉంటుందో నాకు తెలీదా? మన పిల్లాడికి పాట పాడిన మనిషిని బోసి నుదుటితో పంపిస్తామా?"

అని, ఆంటీ నుదుట ఇంత బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, పళ్ళు చేతిలో పెట్టి, "మళ్ళీ రా తల్లీ," అన్నారు.

ఆంటీ నా వైపు తిరిగి, ఏమంటోందని అడిగారు.

"మళ్ళీ రమ్మంటున్నారు. ఇది పెట్టించుకున్నాక రాననకూడదు," అన్నాను. రెండో ముక్క నేను కలిపిందే.

పక్కన పసిపిల్లని ఎత్తుకున్న ఒకమ్మాయి, "ఆంటీ, మా పాపకి ఆగస్ట్‌లో ఫస్ట్ బర్త్‌డే. మీ బ్యాండ్ ఫ్రీగా ఉంటుందా?" అని ఇంగ్లీషులో అడిగేసింది. పాపం, ఆ అమ్మాయికి ఏమీ తెలియదు. ఆంటీ ఆ పాప బుగ్గ మీద వేలితో మెల్లగా తట్టారు.

"ఆగస్ట్‌లో ఎప్పుడు?" అన్నారు.

ఇంటికి వెళ్తుంటే వాళ్ళ వ్యాన్ పక్క లేన్‌లో సిగ్నల్ దగ్గర ఆగింది. ఆంటీయే డ్రైవ్ చేస్తున్నారు. కుంకుమ చెమటకి కరిగి ముక్కు మీదికి జారింది. ఆవిడ తుడుచుకోలేదు. కిటికీలోంచి ఎడమ చెయ్యి బయటికి పెట్టి, లైట్ మారేదాకా వ్యాన్ తలుపు మీద దరువు వేస్తూనే ఉన్నారు.