బదరీనాథ్ అని చెప్పి

సాయంత్రం ఆఫీసు వదలగానే ఇంటికి వెళితే వంట చెయ్యాలి. అందుకని నేనూ, నా పక్క సీటు అక్కా నారాయణగూడ నుంచి నడుచుకుంటూ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళేవాళ్ళం. జ్ఞానం మీద ప్రేమేమీ కాదు. అక్కడ ఫ్యాను బాగా తిరిగేది.

తొంభైల మధ్యలో ఒక సాయంత్రం అక్క ఓ పత్రిక నా ముందుకు తోసింది. హిమాచల్‌లో ఎక్కడో, చివరి ఊరు దాటి రోజంతా నడిస్తే మూడు రాతి శిఖరాలట. తాళ్ళూ మేకులూ అక్కర్లేదు, చేతులతో పట్టు చూసుకుంటూ ఎక్కేయొచ్చని రాశారు.

"చేతులతోని పట్టుకొని ఎక్కుడే కదా? రాంనగర్ బస్సు రోజూ గట్లనే ఎక్కుతున్న. పోదాం పా," అంది అక్క.

తనకి ముప్పై రెండు, నాకు ఇరవయ్యారు. తనకి పెళ్ళయింది. అశోక్‌నగర్‌లో మా నాన్న ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నారు: "పెళ్ళయిన పిల్ల, జాగ్రత్తగా తీసుకెళ్తుంది." ఆ పెళ్ళయిన పిల్ల అప్పటికే మొగుడి ప్యాంటు నడుముకి చున్నీతో కట్టుకుని చూసుకుంటోంది.

పత్రికలో ఉన్న చిరునామాకి ఉత్తరం రాశాం. అక్కడ కొండలెక్కించే ఆయన హిందీలో జవాబిచ్చాడు. సెప్టెంబరులో రండి, గట్టి బూట్లు తెచ్చుకోండి, మీతో మగవాళ్ళు ఎందరు? "ఎవ్వరు లేరు, నువ్వున్నవ్ కదా" అని అక్క తన హైదరాబాదీ హిందీలో రాసి పోస్టులో వేసింది.

ఆదివారాలు మౌలాలి వైపు బండలెక్కి సాధన చేశాం. మొదటి ఆదివారమే నేను రెండు నిలువుల ఎత్తున ఇరుక్కుపోయాను. అక్క కింద నిలబడి దారి చెప్పింది.

"కుడికాలు జరుపు! నీ కుడి కాదే, నా కుడి!"

మేకల మంద ఒకటి నా పక్కనుంచే తీరిగ్గా పైకి పోయింది.

అసలు గండం అక్క అత్తగారు. నిజం చెబితే కదలనివ్వదని, ఆఫీసువాళ్ళతో బదరీనాథ్ వెళ్తున్నామని అక్క చెప్పేసింది. మర్నాడు నేను రాంనగర్‌లో వాళ్ళింటికి వెళ్ళేసరికి వసారాలో సంచీ ఒకటి సర్ది ఉంది.

"నేను గూడ వస్తున్న బిడ్డా. గల్లీల అందరికి చెప్పిన," అంది పెద్దావిడ.

అక్క నా కాలు తొక్కింది, నిజం నువ్వే చెప్పమని. చెప్పాను.

"గుడి లేదా?"

"లేదండీ."

"మరి పైన ఏమున్నది?"

"ఏమీ లేదండీ. రాళ్ళే."

"రాళ్ళకాడికి పోనీకి దేవుని పేరు చెప్తరా? సిగ్గులేదా ఇద్దరికి?"

అక్క గోడ మీది క్యాలెండరు చదవసాగింది. ఆవిడ సంచీకేసి చూసింది.

"సదురుకున్న సంచి మళ్ల విప్పుతనా? అందరు నవ్వుతరు. నేనొస్త. మీరెక్కుండ్రి, నేను కింద కూసుంట."

ఆ క్షణం నుంచి పెత్తనం ఆవిడదే. మా జాబితాలో రెండో స్వెటరు పోయి చింతకాయ తొక్కు చేరింది. ఆ వచ్చిన ఆదివారం మౌలాలికి తనూ వచ్చింది. నీడన కూర్చుని గంటసేపు చూసి, "ఎక్కుడు సరే, దిగుడెట్ల?" అంది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. నెల రోజులుగా ఆ సంగతే మాకు తట్టలేదు. తరవాతి ఆదివారాలన్నీ బండకేసి మొహం పెట్టి దిగడమే నేర్చుకున్నాం.

సెప్టెంబరులో ముగ్గురం వెళ్ళాం. ఆ ఊళ్ళో రెండు రోజులు ఒకటే వాన. ఎక్కాలనుకున్న మూడు శిఖరాలు కాస్తా ఒకటయ్యాయి, అదీ అన్నిట్లోకీ పొట్టిది. పెద్దావిడని ఆ కొండలాయన తల్లి పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తెల్లారగానే బయల్దేరాం. ఊరు దాటి ఒక రాత్రి గుడారంలో పడుకుని మర్నాడు పొద్దున రాయి పట్టుకున్నాం. అది మౌలాలి బండ కాదు, మంచుగడ్డలా చల్లగా ఉంది. సగంలో నేను ఆగిపోయాను. అక్క ఒక్క హాస్యమూ ఆడకుండా, నా పాదం ఎక్కడ పెట్టాలో చేత్తో తట్టి చూపించింది. భయపడి నోరు మూసిన అక్కని అప్పుడే చూశాను.

పైన ఇద్దరు కూర్చునేంత చోటుంది. చుట్టూ మబ్బు తప్ప ఏమీ కనబడలేదు.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనే," అంటూ అక్క చెప్పరాని తిట్టొకటి తిట్టింది. తరవాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కింద నుంచి కొండలాయన ఏమైందని కంగారుగా అరిచాడు.

ఎక్కడానికి మూడు గంటలు, దిగడానికి అయిదు పట్టింది.