రెండో తుమ్ము

పోయిన వేసవిలో మా తిరువూరులో ఓ కల్యాణ మండపంలో చదరంగం పోటీలు పెట్టారు. సైన్సు టీచర్నైన నేను ఆఖరి రౌండు దాకా వచ్చేశాను! ఎదురుగా ఎ.కొండూరు నుంచి వచ్చిన రిటైర్డు లెక్కల మాస్టారు. గెలిచినవాళ్ళదే కప్పు.

నా గడియారంలో సెకన్లే మిగిలాయి. అప్పుడు కనిపించింది ఎత్తు! మంత్రిని ఒక్క గడి జరిపితే మాస్టారి ఆట కట్టు. చెయ్యి చాచాను. సరిగ్గా అప్పుడే వెనక వంటవాళ్ళు పులిహోరకి పోపు వేశారు. ఎండుమిరపకాయల ఘాటు హాలంతా కమ్మేసింది.

"హాచ్చి!" అన్నారు మాస్టారు.

ఒంటి తుమ్ము! నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తుమ్ముకీ పనికీ సంబంధం లేదర్రా అని పిల్లలకు చెప్పే నేనే, చిన్నప్పుడు నాయనమ్మ నూరిపోసిన భయంతో బిగుసుకుపోయాను. రెండో తుమ్ము వస్తేగానీ దోషం పోదు. నా అవస్థ మాస్టారికి అర్థమైపోయింది. చటుక్కున జేబురుమాలు తీసి ముక్కు గట్టిగా పట్టుకున్నారు!

సెకన్లు కరిగిపోతున్నాయి.

"తుమ్మండి మాస్టారూ!" అని అరిచేశాను. హాలంతా మా వైపు తిరిగింది. ఆయన ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"హాచ్చి!"

మంత్రిని జరిపి గడియారం మీద ఒక్కటిచ్చాను. గెలిచేశాను!

"ఇంకొక్క క్షణం ఆపుకుంటే కప్పు నాదేనమ్మా" అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ, నవ్వుతూ.

కప్పు మా స్టాఫ్ రూములో ఉంది. మూఢనమ్మకాల పాఠం మాత్రం ఈ ఏడాది పక్క టీచరుకి అప్పజెప్పాను.