తాత వదిలిన ఊరి కాగితం

మా తాత పొందూరు పక్క పల్లెలో పుట్టి, రైల్వే పనికని ఖరగ్‌పూర్ వెళ్లిపోయాడు. నాన్నా నేనూ అక్కడే పుట్టాం. నాన్న రిటైరయ్యాక ఆమదాలవలస వచ్చేశాం.

మొన్న మా అమ్మాయి కాలేజీ సీటుకి కుల ధ్రువపత్రం అడిగితే, మీ తాత ఇక్కడివాడని రుజువు తెమ్మన్నారు తహసీల్దారు ఆఫీసులో. ఆ సాయంత్రమే గడువు. తాత ఊరికి పరుగెత్తాను. ఆయన్నెరిగిన మనిషి, తొంభై దాటిన ముసలమ్మ ఒక్కతే మిగిలింది.

"మీ తాత నాకు బావే బాబూ. తిండికి గింజల్లేక ఎల్లిపోనాడు. ఏలిముద్ర ఎక్కడెయ్యాలో సెప్పు," అంది.

ఆమె మాట కాగితం మీద రాసి, వేలిముద్ర వేయించుకుని ఆఫీసుకి వెనక్కొచ్చాను.

"పాత రికార్డు కావాలండి, ఇది చెల్లదు," అన్నాడు గుమాస్తా.

సీటు పోయింది. అమ్మాయి అన్నం ముట్టలేదు. ఆకలికి ఊరొదిలిన మనిషి మీద నాకు మొదటిసారి కోపమొచ్చింది. వెంటనే సిగ్గేసింది. వచ్చే ఏడు ఏం చూపించాలో ఇప్పటికీ తెలీదు.