నుమాయిష్‌కు మోసుకుపోయిన ఒడి బియ్యం

నిజానికి నేను నుమాయిష్ చూడాలని హైదరాబాదు పోలేదు. నా బిడ్డ అక్కడ దుకాణం పెడుతున్నదని తెలిసి పోయాను. అయినా ఆ దారి, ఖర్చు, అక్కడ కంటపడినవి రాసి పెడితే, ఈ ఏడు ఆడవాళ్లకే విడిచే జనానా రోజుకు పోదలచిన అక్కచెల్లెళ్లకు అక్కరకొస్తాయని మా ఊరి బడి పంతులమ్మ అన్నది. నేను పోయిన ఏడు దుకాణం సంగతి నాకు చెప్పింది కూడా ఆమెనే. "నిరుడు బాగెఆం తోటల, నుమాయిష్ కాడ మీ శారదను చూసిన. చేతికుట్టు గుడ్డలు అమ్ముతున్నది. ఈ ఏడు కూడ జనానా రోజు వస్తదట" అని బావి దగ్గర నా చెవిలో చెప్పి, బిందె ఎత్తుకొని వెళ్లిపోయింది.

శారద మాకు ఒక్కతే సంతానం. పదిహేనో ఏట దాని నుదుట బొట్టు పోయింది. నా చిన్నతనంలో మా నాయన పట్నంలో గుమాస్తా కాబట్టి నేను హైస్కూలు దాకా చదువుకున్నాను. నేను బిడ్డకు ఇవ్వగలిగింది ఆ చదువొక్కటే అనిపించి, మావారిని బతిమాలి పట్నంలో హాస్టలుకు పంపాను. ఇరవై రెండో ఏట అక్కడే ఒక లెక్కల మాస్టరు దాన్ని పెళ్లి చేసుకున్నాడు. ఆ సంగతి రాస్తూ వచ్చిన కార్డును మావారు నిలబడే చదివి, మడతపెట్టి పొయ్యిలో వేశారు. "మనకు బిడ్డ లేదు" అన్నారు. నేను ఆ పొయ్యి ముందే మడి కట్టుకొని కూర్చున్నాను. మడిలో మాట్లాడకూడదని ఏమీ లేదు. నాకు మాట రాలేదు. అట్లా అయిదేండ్లు గడిచాయి.

మా దిక్కు పెళ్లయిన బిడ్డకు తల్లిదండ్రులు బేసి ఏట ఒడి బియ్యం పోస్తారు. అయిదు సేర్ల బియ్యానికి పసుపు పట్టించి, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, రవికగుడ్డ పెట్టి, బిడ్డ కొంగు పడితే దోసిళ్లతో పోస్తారు. బిడ్డ అందులోంచి పిడికెడు తీసి పుట్టింటికే తిరిగి ఇస్తుంది. ఆ పిడికెడు దేవుని దగ్గర ఉంటుంది. పోసే తల్లి ముత్తయిదువై ఉండాలి. మావారికి అప్పటికే జలోదరం ముదిరింది. రెండు నెలలకు మించి చెప్పలేనని వైద్యుడు వాకిట్లో నిలబడి నాతో అన్నాడు. శారద పెళ్లికి అది అయిదో ఏడు. ఏడో ఏటికి నా మెడలో పుస్తె ఉండదు. ఈసారి పోయకపోతే ఇక నా చేతులతో ఎన్నటికీ పోయలేను. మావారితో పట్నంలో చెల్లెలి వరస ఆమె వ్రతం ఉన్నదని చెప్పాను. ముప్ఫయి అయిదేండ్ల కాపురంలో వారితో నేనాడిన మొదటి అబద్ధం అదే. పక్కింటామెను వారి దగ్గర కూర్చోబెట్టి బయలుదేరాను.

జనగామలో తెల్లవారే బండి ఎక్కితే తొమ్మిది దాటేసరికి నాంపల్లిలో దిగవచ్చు. మూడో తరగతి టికెట్టుకు రూపాయి చాలింది. యుద్ధం రోజులు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరకడం కష్టం. ఆడవాళ్ల పెట్టె ఇంజనుకు దగ్గరగా ఉంటే బొగ్గు నుసి కళ్లల్లో పడుతుంది, కిటికీ పక్కన కూర్చోకండి. గింజలు ఊరు దాటించడానికి కట్టడి ఉన్నది. నాంపల్లి గేటు దగ్గర జవాను నా మూట మీద చెయ్యి వేసి, "ఏంది గిది? బియ్యమా? పర్మిటున్నదా?" అన్నాడు. నేను ముడి విప్పాను. పసుపు బియ్యం, పైన కుడుకలు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఒడి బియ్యమా అమ్మా? ముందుగాల చెప్పొద్దా! ముట్టిచ్చి నాకు పాపం తగిలిస్తివి. పో, పో. బిడ్డ సల్లగుండాలె."

ఆ రోజు నా బిడ్డను దీవించింది ఆ జవాను ఒక్కడే.

స్టేషను నుంచి బాగెఆం నడిచి పోయేంత దగ్గరే. కానీ నాకు రవికగుడ్డ కావాలి. మా ఊళ్లో కంట్రోలు వల్ల గజం గుడ్డ కూడా దొరకలేదు. అందుకని ఆబిడ్స్ మీదుగా తిప్పి తీసుకుపొమ్మని టాంగా మాట్లాడాను. టాంగా సాయబు పది అణాలు అడిగి ఎనిమిదికి ఒప్పుకున్నాడు. నెరిసిన గడ్డం, నవ్వు మొహం.

"నుమాయిష్‌కా అమ్మా? ఇయ్యాల జనానా. మొగోళ్లను లోపటికి ఇడువరు. నా గుర్రం సుత మొగదే, పాపం. గేటు కాన్నే నిలవడి సూస్తది."

"గుర్రానికేం తెలుస్తది సాయబూ!"

"దానికి ఎర్కలేక కాదమ్మా. నిన్న మొన్న మంచిగనే ఉరికింది. ఇయ్యాల పొద్దుగాల్నుంచి అలిగింది."

నాకు నవ్వు రాలేదు. ఆయన వెనక్కి తిరిగి నా మొహం చూసి, ఆ తర్వాత జోకులు మానేశాడు. ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల అద్దాలు, మోటార్లు, టోపీలు పెట్టుకున్న దొరలు. నా చదువు రోజుల్లో ఇంత సందడి లేదు. అయినా బోర్డుల మీది ఉర్దూ ఇప్పటికీ చదవగలిగాను. ఒక చిన్న దుకాణదారు పట్టు రవికగుడ్డ రెండు రూపాయలు చెప్పాడు. బేరం చేయబుద్ధి కాలేదు. ఆకుపచ్చది తీసుకున్నాను. చిన్నప్పుడు శారద ఆ రంగు కోసమే ఏడ్చేది.

జనానా రోజున పొద్దున పదింటికి గేటు తీస్తారు. నేను పోయిన ఏడు టికెట్టు రెండు అణాలు. లోపల టికెట్లు చూసేది కూడా ఆడవాళ్లే. చుట్టూ కనాతులు, అంటే గుడ్డ తెరలు, కట్టి ఉంటాయి కాబట్టి పర్దా పాటించేవాళ్లు కూడా బురఖాలు ఎత్తి హాయిగా తిరుగుతారు. కరీంనగరం వెండి తీగపని, బీదరు గిన్నెలు, నిర్మల్ బొమ్మలు, వరంగల్లు తివాచీలు వరసగా పెట్టి ఉంటాయి. ఒకచోట ముసలివాళ్లు కూడా వంతు వేసుకొని ఊయల ఎక్కుతున్నారు. గాజుల దుకాణం దగ్గర నవాబుల ఇంటి ఆడపిల్లలు, కోమటి కోడళ్లు, పాలమ్మే ఆమె ఒకే పీట మీద కూర్చొని చేతులు చాపారు. ఏటా ఒక్కనాడు మా ఆడవాళ్లకు దొరికే పండుగ అది. ఎటు చూసినా నవ్వే. నేను మాత్రం మూట చంకన పెట్టుకొని, ఒక్కొక్క దుకాణం ముందు ఆగి, లోపలి మొహం చూసి, కాదనుకొని కదిలాను. మధ్యాహ్నం దాకా అట్లాగే తిరిగాను. ఏమైనా తినాలంటే వంటశాల వైపు ఒకామె ఆలుగడ్డ కూర, పూరీలు మూడు అణాలకు పెడుతుంది, శుభ్రంగానే ఉంటుంది. నేను బయట తినను కాబట్టి రుచి చెప్పలేను. "వద్దా? ఉపాసమా అవ్వా? గా మూటల ఏమున్నదో మాకూ జర పెట్టు మల్ల" అని ఆమె నవ్వింది.

శారద దుకాణం చివరి వరసలో, వేపచెట్టు కింద ఉన్నది. పక్కన ఆవకాయ జాడీలు పెట్టుకొని ఒక లావుపాటి ఆమె కూర్చున్నది. శారద వంగి ఎవరికో పసిపిల్ల టోపీ కాగితంలో చుట్టి ఇస్తున్నది. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు. ఆ గాజులు పగలగొట్టినప్పుడు చేతులు పట్టుకున్నది నేనే. నేను ముందుకు పోయి, ఏం మాట్లాడాలో తెలియక, ఒక దిండు గలీబు ముట్టుకొని "ఇదెంత?" అన్నాను.

అది తలెత్తింది. నన్ను చూసింది.

"రూపాయి పావలా" అన్నది.

ఆవకాయ ఆమె ఊరుకోలేదు. "ఏం శారదమ్మా, గంత పెద్దామెకు గూడ తగ్గియ్యవా? మా అమ్మ లెక్కున్నది, పాపం. రూపాయికియ్యి."

"మా అమ్మనే" అన్నది శారద. ఆవకాయ ఆమె తల తిప్పుకున్నది. జాడీల మూతలు ఒక్కొక్కటి తీసి మళ్లీ పెట్టుకుంటూ కూర్చున్నది.

శారద నాకు పీట వేసింది. ముంతలో నీళ్లు పోసి ముందు పెట్టి, "నా చేతి నీళ్లు తాగుతవా?" అని అడిగింది. తాగాను. పొద్దుటి నుంచి నాలుక తడవలేదు.

"నాయిన ఎట్లున్నడు?"

చెప్పాను. వైద్యుడు చెప్పింది కూడా చెప్పాను. అది గజం బద్ద తీసి గుడ్డలు కొలవడం మొదలుపెట్టింది. కొలిచిన గుడ్డే మళ్లీ కొలిచింది. నేను మూట విప్పి, ఆకుపచ్చ రవికగుడ్డ పైన పెట్టి, "కొంగు పట్టు బిడ్డా" అన్నాను.

"గీడనా?"

"యాడైతేంది?"

"నుమాయిష్‌లనా అమ్మా? గుడ్డలమ్మే కాడ, నాయినకు తెల్వకుంట, దొంగతనంగ పోస్తవా? ఇంట్లకు రానియ్యని బిడ్డకు ఒడి బియ్యం ఏంది?"

"నా చేతులతోని పోసే దినాలు అయిపోతున్నయి, శారదా."

"ఎర్కే. గందుకే ఇంట్ల పొయ్యి. దేవుని ముందట పొయ్యి. నాయిన మంచంల పండుకొనే సూడనియ్యి. నాకు గంతే కావాలె." దాని గొంతు పెరగలేదు. నా గొంతే దానికి వచ్చింది. "ఆ దినం నాయిన కార్డు కాలవెట్టిండట గద. నువ్వేమన్నవమ్మా?"

"ఏమనలే."

"ఒక్క మాటనన్న?"

"అనలే, బిడ్డా."

దానికి అన్నీ తెలుసు. అడిగి చెప్పించుకోవాలని అడిగింది, అంతే. తర్వాత ఒక కాగితం ముక్క మీద హిమాయత్‌నగర్ ఇంటి పత్తా రాసి ఇచ్చింది. "ఒక్క కార్డు రాయి. రా అని ఒక్క మాట. తెల్లారేసరికి మా ఆయనను తోలుకొని వస్త. నువ్వు రాయి చాలు, నాయిన రాసే పని లేదు" అన్నది.

నేను మూట ముడి వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. బియ్యంలోంచి పిడికెడు తీసి, నా కొంగు లాగి అందులో పోసి, తానే ముడి వేసింది. "నా దిక్కు నుంచి పుట్టింటికి ఇచ్చేది. దేవుని కాడ పెట్టు. మిగిలింది నేనొచ్చినంక పొయ్యి" అన్నది. రవికగుడ్డ కూడా తిరిగి మూటలోనే పెట్టింది. అంతలో ఇద్దరు పిల్లతల్లులు టోపీలు అడుగుతూ వచ్చారు. నేను లేచాను. ఆవకాయ ఆమె నా వెనక నాలుగు అడుగులు వచ్చి, ఒక నిమ్మకాయ పచ్చడి ముంత చేతిలో పెట్టి, పైసలు వద్దని చేతులు ఊపింది.

సాయంకాలం బండి అయిదున్నరకు. నాంపల్లి స్టేషనులో కార్డు కొన్నాను. బల్ల మీద కూర్చొని పత్తా రాశాను. ఇవతల వైపు "వెంటనే బయలుదేరి రా. అమ్మ" అని రాశాను. పోస్టు డబ్బా టికెట్టు కిటికీ పక్కనే ఉన్నది, పది అడుగులు కూడా లేదు. దాని ముందు నిలబడ్డాను. మావారిని అడగకుండా వేస్తే, వాళ్లు వచ్చి వాకిట్లో నిలబడితే, ఆ మంచంలోంచే పొమ్మంటే? బిడ్డకు రెండోసారి అవమానం అవుతుంది. ముందు వారి చెవిన వేసి, ఊరి నుంచే పంపుదామనుకున్నాను. కార్డు రవికగుడ్డ మడతలో పెట్టి బండి ఎక్కాను.

మరునాడు స్నానం చేసి ఆ పిడికెడు దేవుని గూట్లో ఆకు మీద పెట్టాను. మంచం అక్కడికి ఎదురుగానే ఉంటుంది. మావారు చూశారు.

"ఒడి బియ్యం ఎవరికి పోసినవ్?"

"శారదకు."

"తీసుకున్నదా?"

"ఇంటికి రమ్మంటే వచ్చి తీసుకుంటనన్నది."

వారు కళ్లు మూసుకున్నారు. ఔనని అనలేదు, కాదని కూడా అనలేదు. నేను ఆ ఒక్క మాట కోసం కనిపెట్టుకొని ఉన్నాను. గంజి తాగించేటప్పుడు, పక్క సర్దేటప్పుడు వారి పెదవుల వైపే చూసేదాన్ని. ఒకసారి గూటి వైపు చూసి "వాడిపోయింది, ఆకు మార్చు" అన్నారు. మార్చాను. ఇంకేమైనా అంటారేమోనని అక్కడే నిలబడ్డాను. పదకొండో నాడు తెల్లవారుతుండగా పోయారు. కార్డు రవికగుడ్డలోనే ఉన్నది.

కబురు పంపితే శారద అల్లుడితో వచ్చింది. తలుపు తీసింది నేనే. వద్దనడానికి ఇంట్లో ఎవరూ లేరు. అది మంచం ఉండిన చోట కూర్చొని, గూట్లో బియ్యం చూసి, "కార్డు ఎందుకు రాయలే అమ్మా?" అని అడిగింది. రాశానని చూపించాను. అది చదివి, మడతపెట్టి నాకే ఇచ్చింది. అరిస్తే బాగుండేది. వారు ఆకు మార్చమన్నప్పుడు నన్ను ఏమి చేయమన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. వద్దనుకుంటే ఆ ఆకు తీసి పారేయమనేవారే కదా అని ఇప్పుడు తోస్తుంది. రోజూ దీపం పెట్టి దేవుణ్ణి అడుగుతాను. ఆయన కూడా నాలాగే మాట్లాడడు. మూటలో బియ్యం అట్లాగే ఉన్నది. అది ఒక ముత్తయిదువ తన బిడ్డకు పోయవలసిన బియ్యం. నేను వండుకోలేను, నా చేతులతో పోయలేను, ఇంకొకరికి ఇవ్వడానికి మనసు ఒప్పదు. పసుపు వెలిసి మామూలు బియ్యం లెక్కనే కనిపిస్తున్నది.

మీరు పోయేటట్టయితే జనానా రోజునే పోండి, పది గంటలకే గేటు దగ్గర ఉండండి, టాంగాకు ఎనిమిది అణాలకు మించి ఇవ్వకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నాంపల్లి స్టేషనులో పోస్టు డబ్బా టికెట్టు కిటికీకి ఎడమ పక్కన ఉంటుంది. కార్డు రాసి ఉంటే, బండి ఎక్కే ముందే అందులో వేయండి.