పెత్రీనా లాక్కున్న బ్రష్షు

పెత్రీనా తన చివరి సాయంత్రం ఒక మనిషిని వెనక్కి తిప్పి పంపింది. మార్చి నెల, బుధవారం సాయంత్రం. బ్యాంకులో కొత్తగా చేరిన ఒకావిడ ఒళ్ళు కడుక్కోకుండానే ఈత దుస్తులు వేసుకుని, షవర్లు దాటి, కొలను తలుపు దాకా వచ్చేసింది. పెత్రీనా నేల మీద నీళ్ళు తోసే రబ్బరు కర్రను తలుపుకి అడ్డం పెట్టింది.

"సబ్బు అక్కడుంది, నీళ్ళూ అక్కడే ఉన్నాయి. బట్టలు విప్పి స్నానం చెయ్యి. ఉన్నితో సహా తడిసేది గొర్రెలొక్కటే" అంది.

ఆవిడ మొహం ఎర్రబడింది. వెనక్కి వెళ్ళింది. ఆ తరువాత పెత్రీనా నేల ఆరబెట్టి, ఎవరో వదిలేసిన ఒంటి మేజోడును గది వేడిచేసే రేడియేటరు మీద వేసి, లైట్లు ఆర్పి ఇంటికి వెళ్ళి పడుకుంది. మళ్ళీ లేవలేదు. అరవై ఎనిమిదేళ్ళు.

ఆ కబురు అందేసరికి డాగ్రూన్ తను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక ముసలాయనకు గంజి తాగిస్తోంది. చెంచా గిన్నెలో పెట్టేసి, బడి వదిలే వేళ దాకా ఒకటే ఆలోచించింది: ఈ మాట కూతురు సాల్వోర్‌కి ఎలా చెప్పడం?

ఆ ఊరి ఈతకొలనులో ఆడవాళ్ళ గది పెత్రీనాది. ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే పని చేసింది. ఊళ్ళో ఆడవాళ్ళందరి వీపులూ ఆమెకు తెలుసు. దుకాణంలో ఎదురుపడితే పేరు కోసం తడుముకునేది గానీ, షవరు కింద వీపు చూస్తే ఇట్టే చెప్పేది. ఎవరు నీళ్ళోసుకున్నారో వాళ్ళ మొగుళ్ళ కన్నా ముందే ఆమెకు తెలిసేది. ఒక్కరికీ చెప్పేది కాదు. డాగ్రూన్ చిన్నప్పుడు ఆమె అరుపులు వింటూనే పెరిగింది. "చెవుల వెనక! చెవుల వెనక కడగమన్నాను, చెవులు కాదు!" తరువాత తన కూతురూ అవే అరుపులు వింది.

కూతురికి ఎనిమిదో ఏట డాక్టరు ఏడీహెచ్‌డీ అని, మనసు ఒకచోట నిలవని సమస్య అని చెప్పాడు. ఆ ఏడు ఆగస్టులో బళ్ళు తెరిచినప్పటి నుంచి రోజుకో మాత్ర. పగలు చూస్తే ఆ పిల్లేనా అనిపించేది. గుర్రం బొమ్మ ఉన్న ఒక లావుపాటి పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదివింది. జన్మలో మొదటిసారి ఒక స్నేహితురాలు దొరికింది, పుట్టినరోజుకి పిలిచింది కూడా. పిలుపు కాగితాన్ని సాల్వోర్ ఫ్రిజ్ తలుపుకి అంటించి, పోతూ వస్తూ తడిమి చూసుకునేది.

రాత్రి మాత్రం నిద్ర లేదు. తొమ్మిదింటికి పడుకోబెడితే పదకొండున్నరకి కూడా కళ్ళు తెరిచే ఉండేవి.

"అమ్మా, చేపలకి దాహం వేస్తుందా?"

"పడుకో తల్లీ."

"వేస్తే ఎలా తెలుస్తుంది వాటికి?"

కిటికీకి మందపాటి నల్ల తెరలు కట్టారు. ఫోను, టీవీ సాయంత్రమే కట్టేశారు. బరువైన దుప్పటి తెచ్చారు. పొద్దున పిల్లని లేపాలంటే మంచం మీంచి బస్తాని లాగినట్టుండేది. ఆ తరువాత డాగ్రూన్ తొమ్మిదింటికి డ్యూటీకి పరిగెత్తాలి. నవంబరు వచ్చేసరికి తల్లీకూతుళ్ళిద్దరూ ఒకరినొకరు కసురుకోకుండా మేజోళ్ళు కూడా తొడుక్కోలేకపోతున్నారు.

సాల్వోర్ తండ్రి తోర్గిల్స్ చేపల ఓడ మీద పని. నెల సముద్రంలో, నెల ఇంట్లో. ఫోనులో అన్నాడు, "మానిపించెయ్ ఆ మాత్రలు. నేనూ అలాగే పెరిగాను. నాకేమైంది?"

"నీకేమైందో మీ అమ్మనడుగు, ఒక పుస్తకం రాసిస్తుంది" అంది డాగ్రూన్. కానీ ఫోను పెట్టేశాక ఆమెకీ అదే తోచింది. ఆరు వారాలకోసారి రాజధాని రేక్యావిక్ నుంచి విమానంలో వచ్చే పిల్లల డాక్టరు ఆ గురువారం వస్తున్నాడు. మాత్ర మానేస్తామని ఆయనతో చెప్పెయ్యాలనుకుంది. మానేస్తే ఆ పుస్తకం, ఆ స్నేహితురాలు, ఫ్రిజ్ మీది కాగితం ఏమవుతాయో ఆమెకు తెలుసు. మానకపోతే తానేమవుతుందో కూడా తెలుసు.

ఊరంతా చెప్పిన సలహా ఒకటే. పడుకునే ముందు వేడినీళ్ళు. తల్లీకూతుళ్ళూ అలాగే చేసేవాళ్ళు. రోజూ సాయంత్రం ఏడింటికి కొలనుకి వెళ్ళి, అరగంట వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని, షవరు కింద స్నానం చేశాక, డాగ్రూన్ అక్కడే పిల్లకి రాత్రి బట్టలు తొడిగేది. పొడుగాటి అద్దం ముందు ఊళ్ళోని పిల్లలంతా వరసగా నిలబడి పళ్ళు తోముకునేవారు. పైన ఉన్ని స్వెట్టరు, కాళ్ళకి బూట్లు, తిన్నగా కారు, కారులోంచి మంచం. మిగతా పిల్లలు కారు మలుపు తిరిగేలోపు నిద్రపోయేవాళ్ళు. తండ్రులు వాళ్ళని భుజాన వేసుకుని ఇళ్ళలోకి మోసుకెళ్ళడం డాగ్రూన్ రోజూ చూసేది. సాల్వోర్ వెనక సీట్లో కూర్చుని ముందు సీటుని తన్నుతూ ఉండేది.

గురువారానికి రెండు రోజులుందనగా మంగళవారం సాయంత్రం, డాగ్రూన్ ఇంకా షవరు కిందే ఉంది. సాల్వోర్ పళ్ళు తోమేసుకుని, చేతిలో బ్రష్షుతో బట్టలు మార్చుకునే గదిలో తిరుగుతోంది. తువ్వాళ్ళ అలమర పక్కన కుర్చీ వేసుకుని పెత్రీనా తన రాత్రి భోజనం చేస్తోంది. ఎండుచేప ముక్కలు, వాటి మీద వేలు మందాన వెన్న. సాల్వోర్ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏంటలా చూస్తున్నావు?"

"వాసన."

"కంపు కొడుతోందా?"

"లేదు. బాగుంది."

పెత్రీనా ఒక ముక్క ఇచ్చింది. అది మాయమైంది. ఇంకోటి ఇచ్చింది. అయిదో ముక్కకి వచ్చేసరికి పెత్రీనా చేప నములుతున్న పిల్ల దవడ వైపు కాకుండా, రాత్రి బట్టల్లోంచి పొడుచుకొస్తున్న భుజపుటెముకల వైపు చూడ్డం మొదలుపెట్టింది. పొట్లం మొత్తం పిల్ల చేతిలో పెట్టేసింది.

అప్పుడే డాగ్రూన్ జుట్టులోంచి నీళ్ళు కారుతూ వచ్చింది. "సాల్వోర్! పళ్ళు తోమేసుకున్నావు కదా!"

డాగ్రూన్ ఇంట్లో కొన్నిటికి తిరుగులేదు. పళ్ళు తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ నోట్లోకి పోకూడదు. వాళ్ళమ్మ తనకి అలాగే నేర్పింది.

పెత్రీనా కదల్లేదు. "మధ్యాహ్నం ఏం తింది ఈ పిల్ల?"

"బళ్ళో భోజనం పెడతారు."

"వాళ్ళు పెట్టింది నేనడగలేదు. ఏమే, ఏం తిన్నావు?"

"మకరోనీ. రెండు."

"రెండు గిన్నెలా?"

"కాదు. రెండు" అంది సాల్వోర్, రెండు వేళ్ళు చూపించి. "మాత్ర వేసుకున్నాక ఏది తిన్నా అట్టముక్క నమిలినట్టుంటుంది."

"ఇంటికెళ్ళాక?"

"ఆరింటికి కొంచెం. అప్పుడూ అంత ఆకలెయ్యదు."

"మరి పడుకున్నాక?"

సాల్వోర్ తల్లి వైపు చూసింది. "పడుకున్నాక కడుపులో ఎవరో నడుస్తున్నట్టుంటుంది."

"అమ్మకి చెప్పొచ్చుగా?"

"అప్పటికి పళ్ళు తోమేస్తాను కదా."

పెత్రీనా లేచి, పిల్ల చేతిలోంచి బ్రష్షు లాక్కుని తన ఆప్రాను జేబులో వేసుకుంది. "ఇది నా దగ్గరుంటుంది. ఇంటికెళ్ళి కడుపునిండా తిను. ఆ తరువాత ఇంకో బ్రష్షుంటే తోముకో, లేకపోతే నోరు పుక్కిలించు."

"నా కూతురి పళ్ళ సంగతి నేను చూసుకుంటాను" అంది డాగ్రూన్.

"నీ పళ్ళ సంగతే నేను చూశాను పిల్లా. ఏడో ఏట నీ ముందు పన్ను ఇక్కడే ఊడింది. షవరు కాలవలోంచి తీసింది ఈ చేతులే. నువ్వు ఏడుస్తూ మీ అమ్మ కాళ్ళు పట్టుకున్నావు. పద, తల ఆరబెట్టుకో."

దారంతా డాగ్రూన్ కోపంతో ఉడికిపోయింది. ఊరందరి ముందూ తిట్టించుకున్నట్టుంది. ఇంటికొచ్చి, చూద్దాం ఎంత తింటుందో అన్న పంతంతోనే బల్ల మీద అన్నీ పడేసింది. రై రొట్టె, వెన్న, రొట్టె మీద రాసుకునే గొర్రెమాంసం ముద్ద, గిన్నెడు గడ్డపెరుగు. సాల్వోర్ కూర్చుంది. మూడు రొట్టె ముక్కలు తింది. పెరుగు గిన్నె ఖాళీ చేసి మళ్ళీ పెట్టించుకుంది. కాళ్ళు ఊపడం ఆగిపోయింది. మాట్లాడ్డం కూడా ఆగిపోయింది. రెండో గిన్నె అడుగు గీరుతున్న చప్పుడు వింటూ డాగ్రూన్ ఎదురుగా కూర్చుని ఉండిపోయింది. కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆగస్టు నుంచి ఇన్ని రాత్రులు "పడుకో, పడుకో" అని కసిరింది ఆకలితో ఉన్న పిల్లనని తెలిసింది.

ఆ రాత్రి సాల్వోర్ పదింటికి పది నిమిషాల ముందు నిద్రపోయింది. అద్భుతమేమీ కాదు. కానీ డాగ్రూన్ గడియారం వంక మూడుసార్లు చూసింది.

గురువారం డాక్టరు ముందుగా పిల్లని తూకం వేశాడు. ఆగస్టు కంటే రెండు కిలోలు తగ్గింది. రాత్రిళ్ళు ఆకలికి నిద్ర పట్టడం లేదని డాగ్రూన్ చెప్పింది. మాత్ర ఎన్నింటికి ఇస్తున్నారని అడిగాడు. బడి రోజుల్లో హడావుడిలో ఎనిమిదిన్నరకి, బడి గేటు దగ్గర కారులో. శని ఆదివారాల్లో పిల్ల లేచాక, పదింటికో పదకొండింటికో.

"పొద్దున ఏడింటికి లేపండి, అన్ని రోజులూ. ముందు కడుపునిండా తిననివ్వండి, తరువాత మాత్ర. మందు జోరు తగ్గే వేళకి, అంటే సాయంత్రం పొద్దుపోయాక, మరోసారి బాగా పెట్టండి. ఆకలి అప్పుడే తిరిగొస్తుంది."

"మానేద్దామని చెప్పడానికే వచ్చాను నేను" అంది డాగ్రూన్.

"మానడం ఎప్పుడైనా మానొచ్చు. ముందు ఈ ఆరు వారాలూ ఇలా చూద్దాం. అప్పటికీ కుదరకపోతే మోతాదు మారుద్దాం, లేదా మందే మారుద్దాం. ఆకలి సంగతి మీకెవరు చెప్పారు?"

"ఈతకొలనులో నేల తుడిచే ఆవిడ."

డాక్టరు నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ శీతాకాలమంతా తువ్వాళ్ళ అలమర పక్కన రెండో కుర్చీ ఒకటి వెలిసింది. సాల్వోర్ వేడినీళ్ళలోంచి వచ్చి అక్కడ కూర్చుని తినేది. డాగ్రూన్ డబ్బాలో రొట్టె తెచ్చేది, పెత్రీనా దాన్ని పైకీ కిందకీ తిప్పి చూసి, "ఇది వెన్నా, వెన్న నీడా?" అని వెక్కిరించేది. శని ఆదివారాల్లో ఏడింటికి లేవడం అన్నిటికంటే కష్టమైంది, అదీ పిల్లకి కాదు, తల్లికి. బయట పదకొండు దాకా చీకటే. ఒకసారి డాగ్రూన్ ఆ మాట మీద సణిగితే పెత్రీనా అంది, "నిద్ర చాలని పిల్ల కంటే నువ్వే ఎక్కువ రాగం తీస్తున్నావు. నీకూ రెండు చేప ముక్కలు పెట్టనా?"

చెడ్డ రాత్రులు పూర్తిగా పోలేదు. మోతాదు మార్చినప్పుడల్లా వారం రోజులు గొడవే. జూన్‌లో సూర్యుడు అస్తమించనప్పుడు ఏ తెరా చాలదు. ఒక్కోసారి ఏ కారణమూ ఉండదు, పిల్ల ఊరికే మెలకువగా పడుకుంటుంది. కానీ అప్పుడు డాగ్రూన్ "పడుకో" అనడం మానేసి, "ఆకలేస్తోందా?" అని అడిగేది. కాదంటే పక్కన కూర్చుని స్వెట్టరు అల్లుకునేది. వసంతం వచ్చేసరికి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతోంది. మందు కొనసాగింది. స్నేహితురాలు కూడా మిగిలింది. ఫ్రిజ్ మీద కాగితాలు నాలుగయ్యాయి.

డాగ్రూన్ ఒకసారి ధన్యవాదాలు చెప్పబోయింది. సరిగ్గా చెప్పడం చేతకాలేదు. పెత్రీనా అరిచింది, "నాకెందుకు, చేపకి చెప్పు. చచ్చింది అది." ఆ తరువాత డాగ్రూన్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రేపెప్పుడైనా చెప్పొచ్చులే అనుకుంది.

పెత్రీనా అంత్యక్రియలప్పుడు సాల్వోర్‌కి పన్నెండేళ్ళు. చర్చిలో ఏడవలేదు. బయటికి వచ్చాక, శవపేటిక మోస్తున్న వాళ్ళు మంచులో తడబడితే, "నెమ్మది, నేల తడిగా ఉంది!" అని గట్టిగా అరిచింది. అచ్చం పెత్రీనా గొంతే. చాలామంది వెనక్కి తిరిగి చూశారు. కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

తరువాత పక్క హాల్లో కాఫీ, పల్చటి చుట్టిన అట్లు. డాగ్రూన్ పక్కన పెత్రీనా అక్క హల్లా వచ్చి కూర్చుంది. పక్క ఫ్యోర్డ్ నుంచి, అంటే కొండల నడుమ సముద్రపు పాయ ఒడ్డునున్న ఊరి నుంచి వచ్చిన ముసలావిడ. వాళ్ళ చిన్నప్పుడు ఊళ్ళోని పిల్లల్ని వేసవి సెలవుల్లో పశువుల కొట్టాలకి పనికి పంపేవాళ్ళు. ఈ అక్కచెల్లెళ్ళనీ వేరువేరు ఇళ్ళకి పంపారు.

"అప్పుడు దానికి ఏడేళ్ళు" అంది హల్లా. "అది పడ్డ ఇంట్లో సాయంత్రం అయిదింటికే తిండి. ఆ తరువాత వంటింటికి తాళం. ఆకలికి నిద్ర పట్టేది కాదట. రాత్రంతా వెలుగే కదా, ఎవరూ లేవకముందు లేచి దొడ్లోకి వెళ్ళి, దూడకి పెట్టిన బకెట్లో పాలు తాగేసేదట. వేసవంతా. నాతో కూడా ముసలితనం వచ్చాక చెప్పింది."

"ఎవరికీ తెలియలేదా?" అంది డాగ్రూన్.

"దూడ చిక్కిపోతోందని పశువుల డాక్టర్ని పిలిపించారు. ఆయన నోరు చూశాడు, చెవులు చూశాడు, బలానికి ఏదో మందు రాశాడు. చూస్తున్నంతసేపూ దూడని కదలకుండా పట్టుకుని నిలబడింది పెత్రీనాయేనట."